పొయ్యి దగ్గర ఖాళీ

దాలినాయుడు మాస్టారికి కుడిపక్క దవడ పన్ను పుచ్చడం వల్ల నేను టీచర్నయ్యాను. పన్ను ఆయనది, ఉద్యోగం నాది. ఆ రెంటికీ లంకె ఏమిటని అడుగుతున్నారంటే మీరు మా ఊదరవల్లి మండలం వాళ్ళు కాదన్నమాట.

నా పేరు నూకరత్నం. మా ఊరి ప్రాథమిక పాఠశాలకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల నాదో టిఫిన్ పాక ఉంది. పొద్దున్న ఇడ్లీ, పునుగులు. సాయంత్రం బజ్జీలు. మా ఆయన జూట్ మిల్లులో పనికి పోతాడు. మా అత్త సన్నెమ్మకి మోకాళ్ళ నొప్పులు, నోటికి మాత్రం దేవుడి దయవల్ల ఏ నొప్పీ లేదు. పిల్లలిద్దరూ ఎదురు బడిలోనే. యామిని ఐదో తరగతి, చిన్నాడు ఒకటో తరగతి.

యామినిని గురుకులంలో వెయ్యాలని నా పంతం. దానికి ప్రవేశపరీక్ష ఉంటుంది. ఆ పరీక్షలో లెక్కలుంటాయి. మా పిల్లకి భాగహారం రాదు. ఎనభై నాలుగుని నాలుగుతో భాగించవే అంటే పలక తిరగేసి నెమలి బొమ్మ వేస్తుంది. నెమలి బాగానే ఉంటుంది గాని గురుకులం వాళ్ళు నెమలికి మార్కులివ్వరు కదా!

ఇందుకుగాను నేను ఐదేళ్ళుగా మాస్టార్ని తిట్టుకుంటున్నాను. ఇరవై ఏడు మంది పిల్లలకి ఆయనొక్కరే మాస్టారు. పాకలోంచి నాకు బడి మొత్తం కనిపిస్తుంది. ఎప్పుడు చూసినా ఫోను పట్టుకుని బడి చుట్టూ తిరుగుతుంటాడు. ఒక్కోసారి ప్రహరీగోడ ఎక్కి మా పాక వైపు చెయ్యి చాపి నిలబడతాడు. ఇడ్లీ ఉడికిందో లేదో చూస్తున్నాడనుకునేదాన్ని. జీతం తీసుకుని ఇదేం బుద్ధి అని మా అత్తా నేనూ కలిసి ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం ఇదొక్కటే.

ఇంతలో మా మండలానికి కొత్త విద్యాశాఖాధికారి వచ్చారు. సత్యభాస్కరం గారు. వచ్చీ రాగానే ఆఫీసు గోడ మీద నిలువెత్తు అక్షరాలతో రాయించారు: "ఖాళీ రహిత మండలం. ఖాళీ ఎక్కడైనా భర్తీ ఇరవై నాలుగు గంటల్లో!" దాని కింద ఉత్తర్వు అంటించారు.

"మండల పరిధిలో ఏ స్థానమూ ఏ కారణము చేతను ఒక్క దినమైనను ఖాళీగా నుండరాదు. సెలవు కోరు ఉపాధ్యాయులు దరఖాస్తుకు తగు ఆధారమును జతపరచవలెను. జ్వరము, తలనొప్పి, మనోవేదన మొదలగు కంటికి కనిపించని కారణములు పరిగణింపబడవు. అలసత్వం వహించినచో శాఖాపరమైన చర్యలు తీసుకోబడును."

మాస్టారు పుచ్చు పన్ను పీకించుకుని, దాన్ని కాగితంలో పొట్లం కట్టి, ఒక్కరోజు సెలవు దరఖాస్తుకి పిన్ను గుచ్చి పంపారు. ఆఫీసులో దాని మీద "జతపరచినది: పన్ను – ఒకటి" అని రాసి, ముద్ర కొట్టి, సెలవు మంజూరు చేశారు.

మర్నాడు పొద్దున్న నేను రెండో వాయి ఇడ్లీ దింపుతుంటే జీపు వచ్చి పాక ముందు ఆగింది.

"నూకరత్నం గారంటే మీరేనా? మీరు ప్రత్యామ్నాయ ఉపాధ్యాయినిగా ఎంపికయ్యారు" అన్నారు సత్యభాస్కరం గారు.

"నానేటండి, ఎంపికవడమేటండి?"

"పదో తరగతి ఉత్తీర్ణురాలైన తల్లి, పాఠశాలకు వంద మీటర్ల లోపు నివాసం. యాప్ మిమ్మల్ని గుర్తించింది. అభినందనలు."

"బాబూ, పదిలో నాకు లెక్కల్లో ముప్పై ఆరు మార్కులండి."

"ఉత్తీర్ణత ఉత్తీర్ణతే. అందులో ఎక్కువ తక్కువలు శాఖ పరిగణించదు."

"మాస్టారు రేపొచ్చేస్తారు కదండి. ఒక్క రోజుకి ఈ హడావిడేటండి?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "నియామకం కనీసం ముప్పై పనిదినములమ్మా. అంతకు తక్కువ యాప్ స్వీకరించదు."

వద్దనే లోపు ఫోను తీసి నా ముఖాన్ని మూడు పక్కల నుంచీ ఫోటో తీశారు. అప్పుడు నా ఎడమ చెంప మీద ఇడ్లీపిండి ఉంది. అది కూడా యాప్‌లోకి ఎక్కిపోయింది. మర్నాడు శుభ్రంగా ముఖం కడుక్కుని హాజరు వేసుకోబోతే "వ్యక్తి సరిపోలలేదు" అంది ఫోను. పొడరు రాసినా ఒప్పుకోలేదు. చివరికి చిన్నాణ్ణి ఇంటికి పరిగెత్తించి గరిటెడు పిండి తెప్పించి చెంపకి రాసుకున్నాక "స్వాగతం, ఉపాధ్యాయిని గారూ" అంది. అప్పటినుంచీ రోజూ చెంపకి పిండి పూసుకునే బడికి వెళ్ళాను. తలరాత మార్చుకోలేం, ముఖం ఎలా మార్చుకుంటాం?

మొదటి రోజు, జీపు వెళ్ళగానే బడిలోకి అడుగుపెట్టేటప్పుడు నా మనసులో ఒకటే ఉంది. ముప్పై రోజులు దొరికాయి, నాకు వచ్చిన భాగహారమేదో పిల్లకి నేనే నేర్పేస్తాను. పరీక్షకి అప్పటికి ఇంకా రెండు నెలల పైన టైముంది. ఇలా అనుకుని పుస్తకం తీశాను. ఫోను కుయ్యిమంది.

పిల్లల ముఖాలు ఒక్కొక్కటీ ఫోటో తియ్యమంది. తీశాను. మరుగుదొడ్డి లోపల్నుంచి ఒకటి, బయట్నుంచి ఒకటి తియ్యమంది. నీళ్ళ ట్యాంకు మూత తీసి ఒకటి, పెట్టి ఒకటి. బియ్యం. ఇరవై ఏడు గుడ్లు, వరుసలో నిలబెట్టి. గుడ్డు నిలబడుతుందేటండి? దానికి గంట పట్టింది. తర్వాత బూట్లు. బెల్టులు. చేతులు కడుగుతున్న పిల్లలు, కడిగిన చేతులు. తీసినవన్నీ పంపబోతే సిగ్నల్ లేదు.

"గోడెక్కాలమ్మా. మాస్టారు అక్కడికే ఎక్కుతారు" అంది యామిని.

చీర కుచ్చిళ్ళు దోపుకుని ప్రహరీగోడ ఎక్కి, మా పాక వైపు చెయ్యి చాపి నిలబడ్డాను. అవతల పాకలోంచి మా అత్త నన్ను చూసింది. ఆవిడ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోవడం పెళ్ళయ్యాక నేను మొదటిసారి చూశాను. ఐదేళ్ళు ఆ మనిషిని తిట్టాం. గోడ మీద నిలబడి నాకు సిగ్గేసింది.

మూడున్నరకి మళ్ళీ పుస్తకం తీశాను. "బోధన జరుగుచున్నట్లు ఛాయాచిత్రము పంపుడు" అంది యాప్. బోధన జరుగుతున్నట్టు నిలబడి, తీయించుకుని, గోడెక్కి పంపి, దిగేసరికి పిల్లలు సంచులు సర్దేసుకున్నారు.

మర్నాడు సెలవు ముగించుకుని వాచిన బుగ్గతో మాస్టారు వచ్చారు. కుర్చీలో నేనున్నాను. నేను లేవబోయాను.

"కూర్చో తల్లీ, నేను ఆఫీసుకి ఫోన్ చేస్తా" అని ఆయన గోడెక్కి మాట్లాడి దిగారు. దిగేసరికి ముఖం పాలిపోయింది. "కుర్చీ నిండిపోయిందట. నేను మిగులట."

ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి రెండు రోజులు వరండాలో మిగిలి కూర్చున్నారు.

అటు పాకలో మా అత్తకి పొయ్యి ముందు నిలబడే ఓపిక లేదు. మొదటి రోజు ఇడ్లీ మాడింది. రెండో రోజు పునుగులు పేలి పైకప్పుకి తగిలాయి. మూడో రోజు పొయ్యి వెలగలేదు. ఆవిడ కర్ర పుచ్చుకుని, ఆటో ఎక్కి, నేరుగా విద్యాశాఖ ఆఫీసుకి పోయింది. నేను అక్కడ లేను గాని, ఆవిడ ఆ కథ ఊరందరికీ ఎన్నిసార్లు చెప్పిందంటే నేను కూడా ఉన్నట్టే లెక్క.

"బాబూ, గోడ మీద ఏటి రాసారు? మా మనవరాలు సదివింది. ఖాళీ ఎక్కడున్నా నింపుతారటగా?"

"అవును. అది మా విధానం" అన్నారట సత్యభాస్కరం గారు.

"అయితే మా పొయ్యి కాడ ఖాళీ ఉంది. నా కోడల్ని నువ్వట్టుకుపోనావు. ఇప్పుడు ఒండీదెవులు? నా మోకాళ్ళు సూడు."

వేరే ఆఫీసరైతే ముసలమ్మని పంపించేసేవాడు. సత్యభాస్కరం గారు సూత్రానికి కట్టుబడ్డ మనిషి. కాసేపు ఆలోచించారు.

"సదరు పొయ్యి మన మండలంలోనే ఉందా?"

"మండలంలో కాకపోతే నెత్తి మీదుంటాదా?"

"అయితే మా పరిధిలోకి వచ్చును. ఫిర్యాదు నమోదు చేసుకోవయ్యా" అని గుమాస్తాకి చెప్పారట. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది.

"పాఠశాల నందు మిగులుగా గుర్తింపబడిన శ్రీ దాలినాయుడు గారిని, ఎదుట గల పొయ్యి నందు ఏర్పడిన ఖాళీలో ముప్పై పనిదినములకు సర్దుబాటు చేయడమైనది. వీరు ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం నాలుగు వరకు పొయ్యిని విడిచి వెళ్ళరాదు."

ఇడ్లీ బేరం తొమ్మిదికల్లా అయిపోతుందని ఎవరు చెప్పినా ఆఫీసు వినలేదు. పాపం మాస్టారే తెల్లవారి ఆరింటికి భుజాన తువ్వాలు వేసుకుని వచ్చేసేవారు.

మొదటి వాయి దింపి పళ్ళెంలో పెడితే మా అత్త ఒకటి తీసి వేలితో కొట్టి చూసింది. "మాస్టరు బాబూ, ఇది గోడకేసి కొడితే గోడకే దెబ్బ. పిండి అలగ పిసకకూడదు, గాలి పోతాది. నా ఎనకాల నిలబడి సూడు." ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన ఆయన చేతులు కట్టుకుని మా అత్త వెనకాల నిలబడి పాఠం నేర్చుకున్నారు. వారం తిరిగేసరికి ఇడ్లీ దూదిలా వచ్చింది. "నీకంటే నయం కోడలా" అంది నాతో. ఆవిడ అనకుండా ఉంటుందా!

ఆయన పొయ్యి దగ్గర చేరిన నాలుగో రోజో ఐదో రోజో, నేను బడికి బయల్దేరుతుంటే మాస్టారు పాక గుంజ పట్టుకుని నిలబడి ఉన్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏటండి మాస్టారూ, పొగా?"

"ఈ పొయ్యికి యాప్ లేదు తల్లీ" అన్నారాయన. "పొద్దున్నుంచీ ఒక్క ఫోటో అడగలేదు. తొమ్మిదయ్యాక నేనేం చేస్తున్నానో అడిగేవాడు లేడు. సర్వీసులో చేరిన కొత్తల్లో ఇలాగే ఉండేది."

ఆ రోజే యామిని ఇడ్లీ తింటుంటే ఆయన దాని ముందు ఇడ్లీరేకులు పరిచారు. "యామినీ, ఇడ్లీలు ఎనభై నాలుగు. రేకుకి నాలుగు గుంటలు. రేకులెన్ని కావాలి?" అది పలక కోసం చూసింది. పలక లేదు, నెమలి వెయ్యడానికి చోటు లేదు. రేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పది రేకులకి నలభై. ఇరవైకి ఎనభై. "ఇరవై ఒకటి!" అని అరిచింది. నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. వెనకనించి లారీవాడు హారన్ కొట్టి నన్ను నానా మాటలూ అన్నాడు. ఒక్కటీ వినబడలేదు నాకు.

అంతే, మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ముఖాల ఫోటో అవగానే పిల్లలందర్నీ రోడ్డు దాటించి పాకకి పంపేస్తాను. నేను మరుగుదొడ్డి, బియ్యం, గుడ్లు చూసుకుంటాను. పిల్లలు కావలసిన ఫోటో వచ్చినప్పుడు గంట కొడతాను. ఇరవై ఏడు మందీ పరిగెత్తుకొచ్చి, చేతులు కడుగుతున్నట్టు నిలబడి, మళ్ళీ పరిగెత్తుకుపోతారు. బజ్జీలు చుట్టే పేపర్లతో మాస్టారు చదవడం నేర్పారు. మా చిన్నాడు తల కట్టుకి దీర్ఘం పెట్టడం నేర్చుకుని, నా చెంప మీద పిండిలో కూడా పెట్టాడు. వాడు పెట్టిన దీర్ఘంతో ఒకరోజు నాకు హాజరు పడలేదు. అయినా నాకు కోపం రాలేదు.

ఇరవై రెండో రోజున సత్యభాస్కరం గారు శాలువా పట్టుకుని వచ్చారు. ఖాళీ రహిత మండలంలో మా బడి ప్రథమ స్థానంలో ఉందట. ఒక పీరియడ్ కూడా కుర్చీ ఖాళీగా లేదట. తరగతి గదిలోకి వచ్చి చూస్తే కుర్చీలో నేను, చెంపకి పిండి, ముందు వరుసగా గుడ్లు. బెంచీల మీద ఎవరూ లేరు.

"పిల్లలేరీ?" అన్నారు.

"ఎదురుగా ఉన్నారు సార్. ఫోటోకి కావాలంటే గంట కొడతాను."

ఆయన బెంచీలు లెక్కపెట్టారు. "ఇరవై ఏడు ఖాళీలు!" అని గొణుక్కుంటూ శాలువాతో సహా రోడ్డు దాటారు. నేను వెనకాలే పరిగెత్తాను.

పాకలో పిల్లలు చాపల మీద కూర్చుని ఉన్నారు. మాస్టారు గరిటె పట్టుకుని అడుగుతున్నారు. "యామినీ, నూట ఎనిమిదిని తొమ్మిదితో?"

"పన్నెండు మాస్టారూ. శేషం సున్నా."

సత్యభాస్కరం గారు పాక గుమ్మంలో కొయ్యబారిపోయారు. "దాలినాయుడు గారూ! మీరు... పాఠం చెబుతున్నారా?"

మాస్టారి చేతిలో గరిటె కిందపడింది. "తప్పయిపోయింది సార్. ఇడ్లీ ఉడికేలోగా ఊరికే..."

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఇది?"

మా అత్త ఆయన ముందు ముక్కాలి పీట వేసి, పళ్ళెంలో నాలుగు ఇడ్లీ పెట్టి, "ముందు తిను బాబూ, తరవాత తిట్టు" అంది. ఆయన తిన్నారు. మళ్ళీ రెండు పెట్టించుకున్నారు. తింటూనే ఎడమచేత్తో మెమో రాశారు.

"పొయ్యి విధులలో నుండగా, అనుమతి లేని ప్రదేశమున, ఛాయాచిత్ర ఆధారము లేకుండ, ఇరవై ఏడు మంది బాలబాలికలకు బోధన చేయుటకు పాల్పడినందున, శ్రీ దాలినాయుడు గారిని తక్షణమే పాఠశాలకు తిప్పి పంపడమైనది. శ్రీమతి నూకరత్నం గారి నియామకము రద్దు పరచి వీరిని యథాపూర్వకముగా పొయ్యి నందు చేర్చడమైనది."

"బాబూ, మా పిల్లకి ఇంక ముప్పై ఐదు రోజుల్లో పరీక్షండి" అన్నాను. కాళ్ళ మీద పడటం ఒక్కటే తక్కువ. "భాగహారం వచ్చింది. భిన్నాలు సగమే అయ్యాయి."

"సగం కూడా భిన్నమే కదమ్మా" అని తన హాస్యానికి తనే నవ్వుకుని, శాలువా తిరిగి జీపులో పెట్టించుకుని వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి అంతా సవ్యంగా జరిగింది. కుర్చీలో మాస్టారు, పొయ్యి దగ్గర నేను, బెంచీల మీద పిల్లలు. మండలంలో ఖాళీ అన్నది లేదు. మాస్టారు గుడ్లు నిలబెట్టారు, గోడెక్కారు, దిగారు. ఒక్కోసారి గోడ మీంచి నా వైపు చూసేవారు గాని నేను తల తిప్పేసుకునేదాన్ని. ఆయన ముఖం చూడలేకపోయాను. మూడో రోజు సాయంత్రం యామిని పలక తీసుకొచ్చి చూపించింది. మూడింట రెండు అని రాసి, దాని కింద నెమలి వేసింది. చట్నీ నూరుతూ ఏడ్చాను. పచ్చిమిరపకాయలని అత్తతో అబద్ధమాడాను. ఆవిడ నమ్మినట్టు నటించింది, పాపం.

సోమవారం బడి తలుపు తెరుచుకోలేదు. పది గంటలకి నా ఫోను కుయ్యిమంది. ఎక్కిన ముఖం యాప్‌లోంచి దిగదట. మాస్టారి సెలవు నమోదు కాగానే నా పేరు దానంతటదే వచ్చేసింది. ముప్పై పనిదినములు. దాని కిందనే మా పొయ్యి కూడా. ఒకసారి ఖాళీ నమోదైన పొయ్యి శాశ్వతంగా నమోదైనట్టేనట. మిగులు ఉపాధ్యాయుడు మంగళవారం నుంచి అక్కడ చేరాలట. అన్నిటికంటే చివర సెలవు మంజూరు కాగితం ఉంది.

"జతపరచినది: పన్ను – ఒకటి. స్థితి: బాగున్నది."

ఆ చివరి మాట రెండుసార్లు చదివాను.

మంగళవారం ఆరింటికి మాస్టారు వచ్చారు. ఈసారి ఎడమ బుగ్గ వాచింది. భుజాన తువ్వాలుంది. నేరుగా పిండి గిన్నె దగ్గరికి పోయి, గాలి పోకుండా మెల్లగా కలపడం మొదలుపెట్టారు.

"పుచ్చిందా మాస్టారూ?" అని అడిగాను, తెలిసే.

ఆయన పిండి కేసే చూస్తూ "పరీక్షకి ఇంకా ముప్పై రోజులు కదా తల్లీ, సరిపోతాయి" అన్నారు.

ఆయన కాళ్ళకి దండం పెట్టబోతే గరిటె అడ్డం పెట్టేశారు. మా అత్త లోపలికి పోయి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు తెచ్చి "పుక్కిలించు నాయినా" అంది. తర్వాత యామిని చేత అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాయించి పాక ముందు వేలాడదీయించింది: "ఇక్కడ పాఠములు చెప్పబడవు." బెంచీల మీద పెట్టడానికి ఇరవై ఏడు సంచులు కూడా సిద్ధం చేసి పెట్టింది. ఫోటోలో దూరం నుంచి పిల్లల్లాగే ఉంటాయి.

యామిని పలక పట్టుకుని మాస్టారి ముందు కూర్చుంది. దానికి విషయం ఎవరూ చెప్పలేదు. కానీ మాట దాగడానికి మా ఇంట్లో అడ్డుగోడలు లేవు, పాకకి అసలు గోడలే లేవు.

"మాస్టారూ, ఏడాదికి పనిదినాలెన్ని?"

"రెండువందల ఇరవై."

అది పలక మీద రాసుకుంది. "పన్నుకి ముప్పై రోజులు. రెండువందల ఇరవైని ముప్పైతో భాగిస్తే ఏడు, శేషం పది. ఏడాదికి ఏడు." తలెత్తింది. "మీకింకా ఎన్ని పళ్ళున్నాయి మాస్టారూ?"

ఆయన నాలుకతో ఈ చివర నుంచి ఆ చివరకి తడుముకున్నారు. "ఇరవై ఎనిమిది."

"ఇరవై ఎనిమిదిని ఏడుతో..." అని అది వేళ్ళు కూడా చూసుకోకుండా రాసేసింది. "నాలుగేళ్ళు. తమ్ముడి ఐదో తరగతి అయ్యేదాకా వచ్చేస్తాయి మాస్టారూ. శేషం సున్నా."

మాస్టారు పలక తీసుకుని లెక్క మొదటినుంచీ చూశారు. చూసి, పిండి చేత్తోనే కింద పెద్ద టిక్కు పెట్టారు. నేను గిన్నెలోంచి కాస్త పిండి తీసి చెంపకి రాసుకుని బడికి బయల్దేరాను.